ఎవరిదైతే ఏంటి

"కూరలో ఉప్పు లేదు" అన్నాడు అయ్యగారు, మూడు నెలలుగా రోజూ అంటున్నట్టే. ఉప్పు మానెయ్యమని డాక్టర్ చెప్పింది ఆయన బీపీకే. అయినా నేరం వాళ్లావిడదే. బీపీ దిగకపోవడమూ ఆవిడ వంట వల్లేనట. "నర్సింగు కాలేజీ పిల్లలకి పాఠాలు చెబుతుంది గానీ మొగుడి బీపీ దించడం చాతకాదు" అని అత్తగారి వంత. క్యాంటీన్‌లో ఆయన లాగించే వేపుళ్ల సంగతి చొక్కా జేబు మీది నూనె మరకలు చెబుతూనే ఉన్నాయి. ఆ చొక్కాలు ఉతికేదీ ఆవిడే గనక, ఆ సాక్ష్యం ఇంకెవరి కంటా పడదు.

ఇరవై నాలుగు గంటల మూత్రమంతా పట్టి తెమ్మని డాక్టర్ డబ్బా ఇచ్చాడు. తిన్న ఉప్పెంతో అందులో తేలిపోతుంది. డబ్బా పట్టుకుని ఆఫీసుకెళ్లడం అయ్యగారికి నామోషీ.

"నువ్వే నింపి ఇచ్చెయ్. ఒకే కుండ కూడు తింటున్నాం, ఎవరిదైతే ఏంటి?"

కిడ్నీల మీద పాఠం చెప్పే మనిషితో అన్నాడీ మాట! అలా నింపకూడదని ఆవిడకి తెలుసు. కానీ తన వంటలో ఉప్పు లేదని తన ఒళ్లయినా సాక్ష్యం చెబుతుందనిపించింది. ఆ కసితోనే నింపింది.

ఆ వారం క్లాసులోనూ అదే పాఠం. రక్తపోటు తగ్గిందనిపిస్తే కిడ్నీ రెనిన్ అనే ఎంజైమ్ వదులుతుంది. దాని వెనకే వచ్చే హార్మోన్లు రక్తనాళాల్ని బిగించి, ఉప్పునీ నీళ్లనీ పోనివ్వకుండా పట్టేస్తాయి. గుండె గదులు నిండి సాగిపోతే, గుండె తన హార్మోను పంపి, నాళాల్ని సడలించి, ఆ ఉప్పు వదిలెయ్యమంటుంది.

"గుండె మాట కిడ్నీ వింటుందా మేడమ్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"కొన్నాళ్లు వింటుంది. ఎప్పుడూ బిగించేవాళ్లదే పైచెయ్యి అయితే, కిడ్నీలో జల్లెడ పాడై ప్రోటీన్ కారిపోతుంది."

రిపోర్టు వచ్చింది. "ఉప్పు బాగా తగ్గించారు. కానీ ప్రోటీన్ పోతోంది, కిడ్నీ దెబ్బతింటోంది" అన్నాడు డాక్టర్ అయ్యగారితో.

సాయంత్రానికల్లా ఇల్లు తలకిందులైంది. అత్తగారు శోకాలు పెట్టింది. అయ్యగారు స్వహస్తాలతో కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. కిడ్నీ రోగికి ఎనిమిది గంటల నిద్ర, పొద్దున్నే నడక, ఎవరూ గొంతు పెంచకూడదు, ఏ పనీ చెప్పకూడదు. ఆవిడ ఆ కాగితం పైనించి కిందిదాకా చదివింది. ఊళ్లోవాళ్లందరి చేతికీ బీపీ పట్టీ చుట్టే మనిషికి, తన చేతికి ఎప్పుడు చుట్టుకుందో గుర్తు రాలేదు. భయమేసింది.

"ఆ రిపోర్టు మీది కాదు, నాది" అంది.

అయ్యగారు గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "అమ్మయ్య! నీదా! చంపేశావు పో, ముందే చెప్పొద్దూ!"

అత్తగారు కళ్లు తుడుచుకుని, "ఇంకా ఇదెందుకూ" అంటూ కాగితం పీకబోయింది.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన మీద ఆవిడకి మిగిలిన కాస్త జాలీ అప్పుడు పోయింది. ఖాళీ డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"ఇది మీరే నింపండి. కాగితం ఉండనివ్వండత్తయ్యా. ఒకే కుండ కూడు కదా, ఎవరిదైతే ఏంటి? రేపట్నుంచి వంట మీ అబ్బాయిది. నా కూరలో ఉప్పు వెయ్యొద్దనండి."