పది కిలోల తేడా

"ఎక్కవే! ఏ మిషను నిజం చెబుతుందో ఇప్పుడే తేలిపోవాలి" అంటూ అత్త కోడలి రెక్క పట్టుకుని కాటా మీదికి తోసింది.

మిట్టమధ్యాహ్నం. పాత సామాన్ల దుకాణం ముందు సంచులతో పదిమంది వరుసలో ఉన్నారు. చెత్త ఏరుకుని అమ్ముకునే ఆడవాళ్ళే ఎక్కువ. కాటా దగ్గర నిలబడ్డవాడు ఆ కోడలి మొగుడే. తూకం వేసి అంకె అరవడం అతని ఉద్యోగం. అలవాటుకొద్దీ పెళ్ళాన్ని చూసి కూడా అరిచేశాడు: "ఎనభై నాలుగు!"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆమెకు ఆ నవ్వే ఎక్కువ మండింది.

దుకాణంలో ఆమెను అందరూ 'బస్తా' అంటారు. ప్లాస్టిక్ సీసాల గుట్ట ముందు పొద్దున ఎనిమిదికి చతికిలబడితే సాయంత్రం ఆరుకు లేస్తుంది. మూతలు ఒకవైపు, సీసాలు ఒకవైపు. రోజుకూలి మూడు వందలు. లేచి నాలుగడుగులు వేస్తే ఓనరు గడియారం చూస్తాడు. కూరగాయలు కిలో ఎనభై పలుకుతుంటే కంచంలో అన్నం గుట్టగానూ, కూర బొట్టుగానూ ఉంటుంది. తిని కొవ్వెక్కిందని లోకం అంటుంది గానీ, లోకం ఆమె కంచంలోకి ఎప్పుడైనా తొంగిచూసిందా? చవక తిండి కడుపు నింపుతుంది, ఒళ్ళు పెంచుతుంది, సత్తువ మాత్రం ఇవ్వదు.

మూడుసార్లు నెల తప్పింది. మూడుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. మొదటిది ఆ సీసాల గుట్ట ముందే పోయింది. చివరిది నాలుగు నెలల క్రితం. అప్పుడు ప్రభుత్వాసుపత్రిలో తూచి తొంభై అయిదు అన్నారు. "మళ్ళీ నెల తప్పేలోగా కొంచెం బరువు తగ్గితే మంచిదమ్మా. వేళకి తిను, కాస్త నడువు, పస్తులు మాత్రం వద్దు" అంది డాక్టరమ్మ. అత్త చెవికి 'బరువు' అన్న మాట ఒక్కటే ఎక్కింది.

"దీని కొవ్వు నొక్కేసి పిల్లల్ని చంపేస్తోందట" అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. కోడలికి ఉన్న రెండు పూటల్లో ఒక పూట తిండి మాన్పించింది. వారం తిరక్కుండా దుకాణానికొచ్చి కాటా ఎక్కించింది. ఎనభై అయిదు! వారంలో పది కిలోలు కరిగించానని మురిసిపోయి, ఆ పూట కోడలికి గుడ్డు ఉడకబెట్టి పెట్టింది.

కరిగింది కొవ్వు కాదు. ఆ కాటా పదికి తొమ్మిదే చూపిస్తుంది. మెకానిక్కును పిలిపించి ఓనరే అలా పెట్టించాడు. సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు: ఓనరు, ఆమె మొగుడు, ఆమె. ముసలివాళ్ళ సంచుల్లోంచి కిలోలకు కిలోలు పోతుంటే ఆరేళ్ళుగా నోరు మూసుకున్న మనిషి, తన వంతు వచ్చినప్పుడూ మూసుకుంది. పైగా అందులో తనకూ లాభమే కదా. ఒక గుడ్డు, వారం పాటు తిట్లు లేని ఇల్లు. సిగ్గేసింది. సిగ్గేసినా గుడ్డు తిన్నది.

ఈ పొద్దున మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. తొంభై నాలుగు అన్నారు. నాలుగు నెలల పస్తులకు తగ్గింది ఒక్క కిలో. ఆ వెంటనే ఇంకో కబురు: మళ్ళీ నెల తప్పింది, ఆరో వారం.

"కొవ్వు బిడ్డని నొక్కదు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ. "బరువు ఎక్కువుంటే మొదటి నెలల్లో పోయే అవకాశం కొంచెం పెరుగుతుంది, అంతే. ముందువి అందుకే పోయాయని నేను చెప్పలేను. బక్కగా ఉన్నవాళ్ళకీ పోతాయి. ఇప్పుడిక తగ్గించే మాట వద్దు. మూడు పూటలా వేళకి తిననివ్వండి, ఈ మాత్రలు వెయ్యండి."

గోడకు చెప్పినట్టే అయింది. దారి పొడుగునా అత్త ఆ పది కిలోల తేడా గురించే గొణుక్కుంటూ తిన్నగా కోడల్ని దుకాణానికి లాక్కొచ్చింది. ఇప్పుడు కాటా మీద ఎర్రగా వెలుగుతున్న అంకె చూసి ఆమె మొహం విప్పారింది.

"చూశారా! నేను అనుకుంటూనే ఉన్నా. ఆసుపత్రి మిషను తుప్పు పట్టిపోయుంటుంది. ఈ కాటాని నమ్ముకుని ఇంతమంది బతుకుతున్నారు, ఇది అబద్ధం చెబుతుందా? నా పస్తు వైద్యమే పనిచేస్తోంది. ఇంకో పది కరిగిస్తే నా మనవడికి లోపల చోటు దొరుకుతుంది. రేపట్నుంచి ఆ ఉన్న పూట కూడా లేదు. పొద్దున గ్లాసుడు జావ, అంతే."

ఆకలి కోడలికి కొత్త కాదు. కానీ ఈసారి ఆకలి తన ఒక్కదానిది కాదు.

"చెప్పవయ్యా" అంది మొగుడి వైపు తిరిగి. "మీ అమ్మకి చెప్పు."

తేలు కుట్టిన దొంగలా అతను తల వంచుకున్నాడు. లోపల కుర్చీలో ఓనరు దగ్గాడు.

"ఏం చెప్పాలిరా?" అంది అత్త.

"ఏం లేదమ్మా. నువ్వు దిగవే, వరుస ఆగిపోయింది."

అతను చెడ్డవాడు కాదు. బిడ్డ పోయిన ప్రతిసారీ ఆమె పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చినవాడే. కానీ ఏడిస్తే కూలి తెగదు, నిజం చెబితే తెగుతుంది. పేదవాడి మంచితనం ఎందాకా వచ్చి ఆగుతుందో ఓనర్లకు బాగా తెలుసు.

"దిగు తల్లీ, ఎండ మాడ్చేస్తోంది" అంది వరుసలో ముందున్న ముసలామె. ఆమె కాళ్ళ దగ్గర ఇనుప ముక్కల సంచి ఉంది.

"అవ్వా, పొద్దున ఆసుపత్రిలో నా బరువు తొంభై నాలుగు. ఇక్కడ ఎనభై నాలుగు. ఆసుపత్రి మిషను మంచిదే. నా దగ్గర పోయినట్టే నీ సంచిలోంచీ రోజూ పోతున్నాయి."

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ముసలామె.

"నాకు తెలిసి ఆరేళ్ళు. తిట్టు అవ్వా, నీ ఇష్టం వచ్చినంత తిట్టు. తెలిసీ చెప్పలేదు. కానీ నా కడుపులో ఉన్నదానికి రేపు అన్నం కావాలి."

"దింపరా దాన్ని!" ఓనరు కుర్చీలోంచి లేచాడు.

అత్త అయోమయంగా కొడుకునూ ఓనరునూ మార్చి మార్చి చూసింది. మొగుడు చెయ్యి చాపాడు. "నీ కాళ్ళు పట్టుకుంటా, దిగవే."

"దిగను. నా అసలు బరువెంతో అరిచి చెప్పు. అప్పుడు దిగుతా."

అతను ఓనరు వైపు చూశాడు. ముసలామె తన సంచిని ఒళ్ళోకి లాక్కుని, కాటాకు అడ్డంగా నేలమీద కూర్చుంది.