ఆనీ పట్నపు ద్రాక్ష

వేడినీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండి, డోర్కాస్ ఆ ముసలి దొరసానమ్మ ఎడమకాలి చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టింది. ఎప్పుడూ అక్కడే మొదలు. కాళ్ళయ్యాక చేతులు, చేతులయ్యాక మెడ, ఆఖర్న ముఖం. ముఖం ముందు తుడిస్తే ఆ మహాతల్లి పూర్తిగా మేలుకుని ఇక ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వదు. ఈ కిటుకు తెలిసేలోగా డోర్కాస్ నాలుగు భాషల్లో తిట్లు తింది. అందులో ఒక భాష ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు.

ఈరోజు మెడ దాకా వచ్చినా ఒక్క తిట్టూ రాలేదు. డోర్కాస్‌కి అది ఏమీ బాగుండలేదు. పాదాలు చల్లగా ఉన్నాయి. పిక్కల మీద చర్మం పల్చబడి నీలంగా నరాలు తేలాయి. చేతులు మాత్రం ఇంకా పెద్దవే, ఒకప్పుడు పియానో వాయించిన చేతులు.

"ఏటమ్మా, మీ కోపం ఎక్కడికెల్లిపోనాది?" అంది డోర్కాస్.

దొరసానమ్మ కళ్ళు తెరిచింది. వంటింటి తలుపు వైపు చూసి, "ద్రాక్ష" అంది. నిన్న సాయంత్రం నుంచీ ఇదే మాట.

బయట భవానీపూర్ సందులో క్లబ్బు కుర్రాళ్ళు ఆగస్టు పదిహేను జెండా కోసం మైకులు కట్టి, తెల్లారేసరికల్లా దేశభక్తి పాటలతో చెవులు చిల్లులు పడేలా మోగిస్తున్నారు. వాన పడుతూ ఆగుతూ ఉంది. ఎదురుగోడ మీద ఎన్నికలప్పుడు ఎర్రరంగుతో రాసిన కొడవలి వానకి కారి, పిడి ఎక్కడుందో తెలియకుండా పోయింది. ఆ గోడని ఈ కిటికీలోంచి చూస్తూనే డోర్కాస్ జుట్టు తెల్లబడింది.

ఆమెది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు. పెళ్ళయి ఈ నగరం శివార్లలోని బడ్జ్ బడ్జ్ వచ్చింది. భర్త ఎలీయాజరు అక్కడి నూనె డిపో జెట్టీ మీద కలాసీ. జనపనార మిల్లు వెనక తెలుగు లైన్లో ఒక గది, ఆదివారం రేకుల షెడ్డులో ప్రార్థన, క్రిస్మస్‌కి ఒక కొత్త చీర, అంతే వాళ్ళ సంసారం. పిల్లలు లేరు. ఎలీయాజరు కడుపుకి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలోనే పోయాడు. పోయే ముందు రోజంతా మంచినీళ్ళు అడిగాడు. నర్సు ఇవ్వకూడదంది. డోర్కాస్ చెప్పినమాట వినే మనిషి, ఇవ్వలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని, ఇవ్వకుండా, అలా కూర్చుంది. ఆ తరవాత ఆయాపనికి ఈ ఇంట్లో చేరింది. రోజూ లోకల్ రైల్లో టాలీగంజ్‌లో దిగి బస్సెక్కి వచ్చేది. దొరసానమ్మ మంచం పట్టాక మాత్రం ఇక్కడే, ఆమె గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకుంటోంది.

దొరసానమ్మ పేరు అరాక్సీ. ఆర్మేనియా వాళ్ళమ్మాయి. వాళ్ళ దేశంలో ఒక నది పేరు ఆమెకి పెట్టారు. ఆ నదిని ఆమె చూడలేదు, వాళ్ళ నాన్నా చూడలేదు. ఎప్పుడో పర్షియా మీదుగా ఈ దేశం వచ్చి, జనపనార వ్యాపారంలో వెలిగి, ఆరిపోయిన కుటుంబం. చుట్టాలంతా ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు, వెళ్ళనూ లేదు. ఇద్దరూ మాట్లాడుకునేది హిందీ, బెంగాలీ కలగలిపిన ఒక సొంత భాష. పోగా పోగా అందులోకి తెలుగు కూడా చొరబడింది. మనసు కష్టపడితే డోర్కాస్‌కి తెలుగే వచ్చేది, దొరసానమ్మకి అది అర్థమయ్యేది.

మధ్యాహ్నాలు డోర్కాస్ కింద కూర్చుని బఠానీలు ఒలుస్తుంటే, ఆమె ఆనీ పట్నం కథ చెప్పేది. మొదట్లో డోర్కాస్ అది బైబిల్లో కథే అనుకుంది. ఇంటికి వెళ్ళి రాజుల గ్రంథమంతా తిరగేసింది. ఎక్కడా ఆ రాజులు లేరు. మర్నాడు ఆ మాట చెబితే దొరసానమ్మ పడీ పడీ నవ్వింది.

ఆ ఆర్మేనియా రాజ్యం తొమ్మిదివందల ఏళ్ళ కిందటే పోయింది. కానీ ఆవిడ చెబుతుంటే పక్కింట్లో మొన్న జరిగిన గొడవలా ఉండేది. ఒకవైపు బాగ్దాదు ఖలీఫా, ఇంకోవైపు గ్రీకు చక్రవర్తి. ఇద్దరి మధ్యా నలుగుతున్న కొండజాతి వాళ్ళు. అలాంటివాళ్ళలో అషోత్ అనే దొర ఎంత గడుసువాడంటే, ఆ ఇద్దరి దగ్గరనుంచీ కిరీటం తెచ్చుకుని రాజయ్యాడు. అతని వంశంలోనే ఇంకో అషోత్, రెండు లోయల మధ్య రాతి దిబ్బ మీద ఉన్న ఆనీని రాజధాని చేశాడు. ఆ రాజు బిచ్చగాళ్ళనీ కుష్ఠురోగులనీ తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని భోంచేసేవాడట. డోర్కాస్‌కి నచ్చిన రాజు ఆయనే. ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఆయనేం తిన్నాడో మళ్ళీ అడిగేది. ఆ తరవాత గాగిక్ అనే రాజు హయాంలో పట్నం గోడలు దాటి పెరిగింది. పట్టుబట్టల వర్తకులు, ఒంటెలు, ఎర్రరాతితో పెద్ద గుడి. మొత్తం వెయ్యిన్నొక్క గుళ్ళు ఉండేవని ప్రతీతి. ఇక్కడిదాకా చెప్పేటప్పుడు దొరసానమ్మ వెన్ను నిటారుగా ఉండేది.

ఆ తరవాత వెన్ను వంగేది. గాగిక్ పోయాక కొడుకులు కొట్టుకున్నారు. పెద్దవాడు పిరికివాడు. తన తదనంతరం పట్నం నీదేనని గ్రీకు చక్రవర్తికి మాటిచ్చేశాడు. వాడు పోయాక సింహాసనం ఎక్కింది ఇంకా మీసం సరిగా రాని కుర్రాడు, రెండో గాగిక్. చక్రవర్తి ప్రేమగా విందుకి రమ్మన్నాడు. కుర్రాడు వెళ్ళనన్నాడు. అప్పుడు వాడి సొంత సామంతులే వాడిని నమ్మించారు. గుడిలో పవిత్రమైన ద్రాక్షరసంలో కలం ముంచి, పట్నాన్ని నీకోసం కాపాడతామని సంతకాలు చేశారు. వాడు నమ్మి వెళ్ళాడు. అక్కడ చక్రవర్తి వాడి ముందు నలభై తాళంచెవులు పెట్టాడు. ఆనీ పట్నపు తాళంచెవులు. ఒట్టు వేసినవాళ్ళే పంపారు. ఇంకో ఇరవై ఏళ్ళు తిరక్కుండా తురుష్కులు వచ్చి ఆ పట్నాన్ని రక్తంలో ముంచారు. కుర్రాడు మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. ఎక్కడో పరాయి కోటలో చంపి గోడకి వేలాడదీశారు.

కథ అయిపోయేది. బఠానీల గిన్నె నిండిపోయినా డోర్కాస్ లేచేది కాదు.

ఆర్మేనియా వాళ్ళలో ఒక నియమం ఉంది. ఆగస్టు నడిమి ఆదివారం గుడిలో ద్రాక్షలు దీవిస్తారు. అప్పటిదాకా ఆ ఏడాది ద్రాక్ష నోట పెట్టరు. ఫాల్గుణంలో బజారంతా ద్రాక్షలే అయినా దొరసానమ్మ కన్నెత్తి చూసేది కాదు. వాన రోజుల్లో న్యూ మార్కెట్‌లో ఏదో ఒక కొట్లో మాత్రమే దొరికే పుల్లటి ద్రాక్ష కోసం ఆరాటపడేది. డోర్కాస్‌కి ఇదంతా చాదస్తంగా ఉండేది.

రెండేళ్ళ కిందట, బుద్ధి ఇంకా నిలకడగా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం ఆమె డోర్కాస్‌ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మా అమ్మకి చివర్లో మతి పోయింది. నాకూ పోతుంది. అప్పుడు చిన్నపిల్లలా ద్రాక్ష అడుగుతాను. దీవించనిది నాకు పెట్టకు డోర్కాస్. ఎంత ఏడ్చినా పెట్టకు."

"ఒక్క పండుకి ఏటవుతాదమ్మా?"

"పట్నం పోయింది, రాజు పోయాడు. మాకు మిగిలిన రాజ్యం ఇదొక్కటే, అప్పటిదాకా ఆగడం. ఒట్టు వెయ్యి."

ఒట్టు వెయ్యడం తమ సంఘంలో లేదని, అవునంటే అవునేనని డోర్కాస్ చెప్పింది. ఒట్టు లేకుండానే మాటిచ్చింది. దొరసానమ్మకి అది చాలింది.

ఈ ఏడూ ఆదివారం గుడికి పంపడానికి నిన్న డోర్కాస్ న్యూ మార్కెట్ వెళ్ళి బుట్ట నింపుకొచ్చింది. లోపలికి తెస్తుండగా దొరసానమ్మ కంట పడింది. నెల రోజులుగా గంజి తప్ప ఏదీ అడగని మనిషి చెయ్యి చాచింది. డోర్కాస్ తడిసిన చీరతోనే మళ్ళీ బస్సెక్కి వాళ్ళ గుడికి పరిగెత్తింది, ముందే వచ్చి దీవించమని ఫాదరుగారి కాళ్ళు పట్టుకుందామని. ఉన్న ఒక్క ఫాదరుగారూ ఎవరినో సమాధి చెయ్యడానికి ఢాకా వెళ్ళారు. శనివారం రాత్రికి గానీ రారని గేటు కాపలా దర్వాన్ చెప్పాడు. ఈ పొద్దున కుండూ డాక్టరు వచ్చి నాడి చూసి, డోర్కాస్‌ని వరండాలోకి పిలిచాడు. ఆదివారం దాకా ఉండదన్నాడు. ఏది అడిగితే అది పెట్టమన్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మైకులు చటుక్కున ఆగిపోయాయి. పాటల హోరులో సగం వినపడని మాట ఇప్పుడు గదంతా నిండింది. ద్రాక్ష. కాసేపు ఊపిరి, మళ్ళీ ద్రాక్ష. దొరసానమ్మ పెదాలు ఎండి చీలాయి. డోర్కాస్ దూదితో నీళ్ళు అద్దింది. ఆమె తల పక్కకి తిప్పేసుకుంది. ఆ తల తిప్పడం చూసేసరికి డోర్కాస్‌కి ఎలీయాజరు కనిపించాడు. ఆ రోజు గ్లాసు పట్టుకుని కూర్చున్న చేతులివే. అప్పుడు చెప్పినమాట విని ఏం బావుకుంది? ఆయన దాహంతోనే పోయాడు. ఇంకొకరిని అలా పంపడం తన వల్ల కాదు.

వంటింట్లోకి వెళ్ళింది. జాలీ తలుపుల అలమరా తీసి ఒక గుత్తి కడిగింది. కొంగు తల మీద కప్పుకుని, ద్రాక్షల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. తన సంఘంలో ఎవరు ప్రార్థించినా దేవుడు వింటాడు, దానికి పెద్ద టోపీ ఫాదరుగారే కానక్కర్లేదు. దీవించు తండ్రీ, నా తప్పయితే నా మీదే రాసుకో అంది. ఆమేన్ అని కళ్ళు తెరిచింది.

సాసర్లో గుత్తి పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. ప్రార్థన అయిందని మాత్రమే చెబుదామనుకుంది. అబద్ధం కాదు కదా. కానీ దొరసానమ్మ గుత్తిని కాదు, ఆమెని చూసింది. ఎన్నో నెలల తరవాత ఆ కళ్ళలో మనిషి కనిపించింది.

"ఫాదర్ వచ్చారా?"

డోర్కాస్ సాసరు వైపు చూసింది.

"వచ్చేరమ్మా. దీవించీసి ఎల్లేరు. మీరు నిద్దట్లో ఉన్నారు."

"నువ్వు చూశావా?"

"సూసేను."

దొరసానమ్మ చాలాసేపు అలాగే చూసింది. తరవాత చెయ్యి చాచింది. డోర్కాస్ గుత్తిలోంచి ఒక పండు తుంచి అరచేతిలో పెట్టింది. ఆ చెయ్యి మెల్లిగా నోటి వైపు వెళ్ళింది. ముసలామె గోడ వైపు ఒత్తిగిలింది.

"ఎలాగున్నాదమ్మా?" డోర్కాస్ అడిగింది.

"తియ్యగా ఉంది," అంది దొరసానమ్మ గోడ వైపు నుంచే.

ఆ తరవాత ఆమె ఇక ద్రాక్ష అడగలేదు. డోర్కాస్ మంచం పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటున్నా, కొన్నేళ్ళుగా లేని నెమ్మది కూడా ఉంది. ఈ మనిషి దాహంతో పోవడం లేదు. చెయ్యి కింద వీపు లేస్తూ దిగుతూ ఉంది. ఒకసారి దిగాక మళ్ళీ లేవలేదు. డోర్కాస్ చెయ్యి తియ్యకుండా ఎదురుచూసింది. ఇంతలో కరెంటు వచ్చి మైకులన్నీ ఒక్కసారిగా పాటెత్తుకున్నాయి.

ఆమె ఎదురింటికి వెళ్ళి, గుడికి ఫోన్ చెయ్యమని చెప్పి వచ్చింది. వాళ్ళ మనుషులు వచ్చేలోగా ఒళ్ళు తుడవాలి. నీళ్ళు వేడిచేసింది. ఇప్పుడు చల్లనీళ్ళయినా ఆమెకి తెలియదు, అయినా వేడిచేసింది. ఎడమకాలి చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టింది. ఎవరూ తిట్టరని తెలిసి కూడా ముఖం ఆఖరికే ఉంచింది. కాళ్ళయ్యాయి. ఎడమచెయ్యి అయింది. కుడిచెయ్యి గోడకీ పక్కకీ మధ్య ఇరుక్కుని ఉంది. బయటికి తీసింది. పిడికిలి బిగుసుకుని ఉంది. ఆ పెద్ద వేళ్ళని ఒక్కొక్కటే నిమిరి విప్పింది.

అరచేతిలో ద్రాక్షపండు ఉంది.

డోర్కాస్ నేల మీద కూర్చుంది. తెలిసిపోయింది ఆవిడకి. తన ముఖం చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. ఆ కుర్రరాజుకి తెలియనిది ఈవిడకి తెలిసింది. నియమం తప్పలేదు. తనని దొంగని చెయ్యనూ లేదు. ఎండిన నోటితో, గోడ వైపు తిరిగి, తియ్యగా ఉందని చెప్పి వెళ్ళిపోయింది.

"నన్ను తిట్టకపోయేరేటమ్మా," అని డోర్కాస్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎలీయాజరు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఏడ్చి ఏడ్చి లేచి, మెడ తుడిచింది, ముఖం తుడిచింది, తెల్లజుట్టు దువ్వి జడ వేసింది. ఖాళీ అయిన ఆ చేతిని రెండో చేతి మీద పెట్టింది. వీధిలో కారు ఆగిన చప్పుడయింది. తలుపు తియ్యడానికి వెళ్ళబోతూ, సాసర్లో గుత్తికి కాస్త ఎడంగా ఆ ఒక్క పండునీ ఉంచింది. అరచేతి వేడికి కొంచెం మెత్తబడింది తప్ప, దాని మీద పంటిగాటు ఒక్కటీ లేదు.