అత్తగారి ఎడమ భుజం

ఆక్యుపేషనల్ థెరపీ చదువుతున్న కోడలికి ప్రాక్టికల్ పరీక్ష దగ్గరపడింది. కీళ్ళు ఎంతవరకు కదులుతాయో కొలవడం సాధన చెయ్యడానికి ఓ మనిషి కావాలి. మొగుడేమో పడుకోబెట్టగానే గుర్రు పెడతాడు. ఇక అత్తగారే దిక్కయింది.

ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. "నా కీళ్ళకేం, కొత్త సైకిల్లా తిరుగుతాయి. చూస్కో" అంటూ మంచం మీద వెల్లకిలా పడుకుంది.

కోడలు గోనియోమీటర్ తీసింది. రెండు స్కేళ్ళని ఒకచోట మేకుతో బిగించినట్టుంటుందది. మోకాళ్ళు, మోచేతులు, మణికట్లు అన్నీ బ్రహ్మాండం. కుడిచెయ్యి చెవి పక్కనుంచి వెళ్ళి దిండుని తాకింది. ఎడమచెయ్యి సగం దాటగానే ఆవిడ నడుము పైకి లేచింది.

"నడుం ఎత్తకూడదు అత్తయ్యా. చెయ్యి ఒక్కటే."

"ఎత్తలేదే!"

"పరీక్షలో ఇలా కొలిస్తే నాకు సున్నా వేస్తారు."

ఆ మాటకి నడుము దిగింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోడలు తన చేత్తో మెల్లగా ఎత్తబోతే లోపల బిర్రుగా అడ్డుపడింది. అత్తగారు పెదవి కొరుక్కుంది.

ఈమధ్య ఆవిడ ఎలకల భయమంటూ పై అరలోని డబ్బాలన్నీ కిందికి దించడం, ఉక్కగా ఉందంటూ అంత పొడుగు జడా కత్తిరించుకోవడం ఎందుకో కోడలికి అప్పుడర్థమయింది.

"నాకు చెప్పొచ్చుగా?"

"అందరి పిల్లలచేతా చేతులు పైకెత్తించినదాన్ని. నా చెయ్యే లేవట్లేదంటే నవ్విపోరూ? పైగా నువ్వు చదువుతో సతమతమవుతున్నావు. మధ్యలో నా గోల ఒకటా?"

కోడలికి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ చేతికింద దిండు సర్ది, పక్కనే కూర్చుంది.

మర్నాడు కాలేజీ ఆసుపత్రిలో చూపిస్తే భుజం బిగుసుకుపోయిందన్నారు. కాలం పట్టినా వ్యాయామంతో సడలుతుందన్నారు. ఆనాటి నుంచి పొద్దున్నే అత్తగారు గోడమీద వేళ్ళు పాకించడం, కోడలు లెక్కపెట్టడం. "గొంతు పెంచమ్మాయ్! వెనక వరసకి వినపడొద్దూ?" అని ఆవిడ కసిరేది.

కోడలు పరీక్ష బాగా చేసి గట్టెక్కింది. చెయ్యి కూడా నుదురు దాటి, నడినెత్తికి చేరింది. అత్తగారు ఊరుకోలేక ఆ సంగతి వీధంతా చాటింది. ఓ సాయంత్రం పక్కింటావిడ మోకాలు పట్టుకుని వస్తే, గుమ్మంలోనే ఆపింది.

"మా పిల్ల దగ్గర దాపరికాలు సాగవు వదినా, ముందే చెప్తున్నా."