ఉత్తరాది భాష వచ్చినావిడ

ఉత్తరాది భాష అని ఒకటుందని నమ్మేవాళ్ళు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నారంటే అది కుమాసిలో, అందులోనూ డోమిటిలా పనిచేసే ఆసుపత్రిలో. ఘనా దేశానికి పై సగంలో ఊరికో భాష, వాగు దాటితే ఇంకో భాష. డోమిటిలాది ఆ పై సగంలోని జిరాపా ఊరు. పుట్టుకతో వచ్చింది దగారి, బజారులో బతకడానికి నేర్చింది హౌసా, ఈ ఊరొచ్చాక పట్టుబడ్డది ట్వి. అంతకుమించి ఆవిడకి ఒక్క ముక్క రాదు. చెబితే వినేదెవరు? మొహం మీద తెగ గుర్తుగా గీసిన గాట్లున్న మనిషి గేటు దాటి లోపలికొస్తే చాలు, "అదిగో ఉత్తరాది మనిషి, డోమిటిలాని పిలవండి!" అని కేకలు మొదలు.

పోనీ ఆవిడ ఉద్యోగం అదా? కాదు మహాప్రభో! మందుల కిటికీ దగ్గర ఎత్తు బల్ల మీద కూచుని, చీటీ చూసి మందులిచ్చి, ఏ పూట ఏది మింగాలో చెప్పడం. అంతే. మొదట్లో ఒకరికి సాయం చేసింది, పాపం కదా అని. ఇంకొకరికి చేసింది, సిస్టర్ మొహం చూసి. మెత్తనిదాన్ని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, ఆ తర్వాత ఎముకల వార్డు, పిల్లల వార్డు, కాన్పుల వార్డు, చివరికి శవాల గది కాపలావాడు కూడా కబురెట్టేవాడు. "చచ్చినవాడితో నేనేం మాట్లాడనురా?" అని అరిస్తే, "వాడితో కాదు మేడమ్, వాడి బావమరిదితో" అన్నాడు.

ఈ వారం మాత్రం వ్యవహారం వేరు. తమాలెలో మందుల చదువుకి జీతంతో సెలవు ఇస్తున్నారు. పెద్ద ఫార్మసిస్టు అద్దాయ్ గారు శుక్రవారం లోపు సంతకం పెడితే డోమిటిలా వెళ్తుంది, పెట్టకపోతే ఈ బల్ల మీదే ముసలిదవుతుంది. అప్పటికే తన తర్వాత చేరినవాళ్ళు వెళ్ళి చదువుకొచ్చి, తనకే పనులు పురమాయిస్తున్నారు. సోమవారం ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "నేనెప్పుడొచ్చినా ఈ కిటికీ ఖాళీగానే ఉంటోంది. ఇంకొక్కసారి చూశానంటే నా సంతకం మర్చిపో" అన్నాడు. డోమిటిలా ఒట్టు పెట్టుకుంది, తలకిందులైనా ఈ బల్ల దిగనని.

బుధవారం పొద్దున్నే దిగిపడింది సిస్టర్ సెర్వా, ఎముకల వార్డు నుంచి.

"డోమీ, నా బంగారం, ఒక్క నిమిషం..."

"రాను."

"విను ముందు! ఒక ముసలాయన, కాలు విరిగింది. డాక్టరు కత్తి పట్టుకుని కూచున్నాడు. ఈయన సరే అనడు, కాదనడు. రాత్రి నుంచి గోడకేసి తిరిగి పడుకున్నాడు. మీవాడే."

"మావాడంటే? మా ఊరా, మా నాన్నా?"

"అదే, మొహమంతా గాట్లున్నాయి."

"ఆ గాట్లు ఫ్రాఫ్రావాళ్ళవి తల్లీ! నాకు ఫ్రాఫ్రా రాదు. ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వెళ్ళి ఆక్రాలో 'గా' తెగవాళ్ళతో 'గా' భాష మాట్లాడతావా?"

"అది వేరు," అంది సెర్వా. ఎలా వేరో చెప్పలేదు. "డాక్టరు పదింటికి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత కాలు కుళ్ళితే నీ ఇష్టం."

చూశారా మాట! విరిగింది ఆయన కాలు, వైద్యం చెయ్యాల్సింది వాళ్ళు, కుళ్ళితే పాపం మందుల కిటికీదా? డోమిటిలాకి అరికాలి మంట నెత్తికెక్కింది. వరసలో ఉన్నవాళ్ళకి "ఇప్పుడే వస్తా" అని చెప్పి, తనని తాను తిట్టుకుంటూ లేచింది.

మంచం మీద ముసలాయన నిజంగానే గోడకి తిరిగి ఉన్నాడు. ముందు హౌసాలో పలకరించింది. ఉలకలేదు. దగారిలో, ఒక్కో మాటా సాగదీసి, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పింది. పలకలేదు. సెర్వా పక్కన నిలబడి తన కాలు తాను రంపంతో కోస్తున్నట్టు చేతులాడించి చూపిస్తోంది. ఆ అభినయం చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా పారిపోతాడు.

గడియారం పదికి దగ్గరపడింది. డోమిటిలాకి ఓపిక చచ్చింది. దగారివాళ్ళకీ ఫ్రాఫ్రావాళ్ళకీ తాతల నాటి నుంచీ బావామరదళ్ళ వరస. పెళ్ళిలో తిట్టుకోవచ్చు, చావులో శవాన్ని కూడా వెక్కిరించవచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, ఏ భాషలో అంటున్నానో కూడా చూసుకోకుండా ట్విలో కేకేసింది.

"ఒరేయ్ కుక్క తలకాయ తినే ఫ్రాఫ్రావాడా! నిన్న మింగిన తల గొంతుకడ్డం పడిందా, మాట రావట్లేదు?"

సెర్వా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలాయన భుజాలు కదిలాయి. ఇటు తిరిగాడు, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

"తల నేను తిన్నాను సరే, తోక మీ దగారివాళ్ళు ఎత్తుకుపోయారుగా," అన్నాడు. ట్విలో. పుట్టుకతో ట్వి మాట్లాడే ఈ ఊరి అసాంతె వాళ్ళకంటే స్వచ్ఛమైన ట్విలో.

"నీకు... నీకు ట్వి వచ్చా?"

"ఇక్కడి కలప అడితిలో కాపలా ఉంటూ జుట్టు నెరిసింది. ట్వి రాకేం, హౌసా, సరిహద్దు అవతలి మోరే కూడా వచ్చు. పేరు అకోల్గో. రాత్రి నుంచీ వీళ్ళు నా నెత్తి మీద నిలబడి నా గురించి మాట్లాడుకుంటున్నారు, మొండివాడనీ అడవి మనిషనీ. నన్నడిగినవాళ్ళు లేరు. మీకు ట్వి వచ్చా తాతా అని ఒక్కరు అడిగితే చెప్పనా? నువ్వు మాత్రం? వస్తూనే హౌసా అందుకున్నావు."

డోమిటిలాకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అకోల్గో డాక్టరు వైపు తిరిగి, "కొయ్యవయ్యా, ఎంతసేపు చూస్తావు?" అన్నాడు.

తిరిగొచ్చేసరికి కిటికీలో అద్దాయ్ గారు. స్వయంగా మందులిస్తున్నాడు, మొహం గంటు పెట్టుకుని.

"సార్, సెర్వా పిలిస్తేనే..."

"సెర్వా నీకు జీతమిస్తోందా?"

"డాక్టరు గారు..."

"సంతకం లేదు డోమిటిలా. పైగా నిన్న మేట్రన్ గారు కూడా అన్నారు, నువ్వు రెండేళ్ళు వెళ్ళిపోతే వార్డుల్లో ఉత్తరాది వాళ్ళతో మాట్లాడే దిక్కుండదు, పంపొద్దని."

ఆహా! వార్డులకి వెళ్ళినందుకు శిక్ష, వార్డులకి వెళ్తుంది కాబట్టి చదువుకి పంపకపోవడం. కొట్టినా వీళ్ళే, ఏడవకని నోరు నొక్కినా వీళ్ళే. ఏడిస్తే వీళ్ళ ముందు ఏడవడమా? అప్పుడు నోట్లోంచి ఊడిపడింది ఆ మాట.

"నాకంటే మంచివాడు దొరికాడు సార్. ఎముకల వార్డులో అకోల్గో అని. ఫ్రాఫ్రా, హౌసా, మోరే, ట్వి అన్నీ వచ్చు. నెల్లాళ్ళు ఎక్కడికీ కదలడు. చక్రాల కుర్చీలో తోసుకెళ్ళమనండి."

అద్దాయ్ గారు ఆలోచించాడు. ఫోన్ తీసి మేట్రన్‌తో మాట్లాడాడు. "సరే. శుక్రవారం సాయంత్రం దాకా నువ్వు ఈ బల్ల దిగకపోతే పెడతాను. దిగావో, అయిపోయింది."

గురువారం స్వర్గం. ఒక్కరు పిలిస్తే ఒట్టు. డోమిటిలా మధ్యాహ్నం వేడి వేడి వాచె, అదే బొబ్బర్ల అన్నం, మొత్తం తిన్నది, చివరి గింజ దాకా. ఎన్నాళ్ళయిందో అలా తిని.

శుక్రవారం మధ్యాహ్నం సంతకానికి అద్దాయ్ గారు వచ్చి వెనక బల్ల దగ్గర కూచుని కాగితాలు రాసుకుంటున్నాడు. నడవాలో చక్రాల చప్పుడు. అకోల్గో. కాలికి పెద్ద కట్టు, ఒళ్ళు కాలిపోతున్నట్టుంది, కళ్ళు ఎర్రబడ్డాయి. వెనక సెర్వా తోస్తోంది.

"ఏమే దగారిదానా!" అన్నాడు కిటికీ ముందు ఆగి. గొంతులో ఈసారి నవ్వు లేదు. "నీకు పని తప్పింది, నాకు పట్టింది. నిన్నటి నుంచీ ఎన్ని వార్డులు తిప్పారో అడుగు. నా పేరు ఇచ్చేముందు నన్నడిగావా?"

డోమిటిలా చేతిలోని చీటీని మడత పెట్టింది.

"సరేలే, తిట్టడానికి రాలేదు. కాన్పుల వార్డులో ఒక పిల్ల. మొదటి కాన్పు. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఏడుస్తోంది. మీ పిల్లే, దగారి. నాకు నీ భాషలో వచ్చినవన్నీ తిట్లే. నువ్వు రా."

సెర్వా తల దించుకుని, "నిజమే డోమీ. ఈసారి నిజంగా నీ భాషే" అంది.

వెనక అద్దాయ్ గారి కలం కదలడం ఆగింది.

ఇన్నేళ్ళూ రాని భాషల కోసం పరిగెత్తించారు, వచ్చిన భాష ఈ పూటే రావాలా? రేపు రాకూడదా, సోమవారం రాకూడదా? డోమిటిలాకి దేవుడి మీద కూడా కోపమొచ్చింది. కాళ్ళు లేవడానికి సిద్ధంగానే ఉన్నాయి. చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"నాకు పనుంది తాతా," అంది.

"తొయ్యమ్మా," అన్నాడు అకోల్గో సెర్వాతో. "తిట్టే చూస్తాను. నవ్వొస్తే వస్తుంది." కుర్చీ మలుపు తిరిగిపోయింది.

వెనక కాగితం మీద కలం గీసిన చప్పుడైంది. అద్దాయ్ గారు దాన్ని తెచ్చి ఆవిడ పక్కన పెట్టి, "మంచిది. పని అంటే ఇదీ" అని వెళ్ళిపోయాడు. డోమిటిలా దాన్ని ముట్టుకోలేదు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. వరసలో తర్వాత ఉన్న అసాంతె ముసలమ్మ చీటీ లోపలికి తోసింది. డోమిటిలా మాత్రలు తీసింది, పొట్లం కట్టింది, కిటికీలోంచి ముందుకు వంగి మెల్లగా, బుజ్జగించినట్టు చెప్పసాగింది: భయపడకు, గాలి బాగా పీల్చుకో, నేనున్నాగా, అయిపోతుంది.

ముసలమ్మ అయోమయంగా చూసింది.

"ఏమంటున్నావు తల్లీ? అది ఏం భాష? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."