నాలుగో గడి

ఉదయం ఏడున్నరకి కాలేజీకి వ్యాను వచ్చింది. అందులో నలభై కంప్యూటర్లున్నాయి. అవి ఇదే యాజమాన్యం కొత్తపేట వైపు నడిపే ఇంకో కాలేజీవి. ఈరోజు సాయంత్రం దాకా ఇక్కడివి. తనిఖీ కమిటీ పదకొండుకి వస్తుంది.

చైర్మన్ గారికి రెండు కాలేజీలతో పాటు కొబ్బరి తోటలు, నలభై ఎకరాల రొయ్యల చెరువులు ఉన్నాయి. ఒక చెరువు నీళ్ళు ఇంకో చెరువులోకి తోడించడం ఆయనకి అలవాటు.

కంప్యూటర్లు దించింది మూడో సంవత్సరం సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ విద్యార్థులు. లాబ్‌లో పాతవి ఇరవై రెండున్నాయి. ఆరు వెలుగుతాయి. ఒకటి చైర్మన్ గారి కొబ్బరి లెక్కలకి పోగా, నలభై ఎనిమిది మందికి అయిదు మిగులుతాయి. అందుకని ప్రోగ్రాములు పెన్నుతో రికార్డులో రాస్తారు. కంప్యూటర్ ఇవ్వవలసిన జవాబు కూడా పెన్నుతోనే రాస్తారు. పై తరగతి వాళ్ళ రికార్డు చూసి రాస్తారు.

వీరవేణి నాలుగు కంప్యూటర్లు మోసింది. ఆమెది కాట్రేనికోన దగ్గర పల్లె. తల్లి జయమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. రోజుకి మూడు వందల యాభై. వర్షాకాలంలో జయమ్మ వేళ్ళు నాని చీలి, చీము పట్టాయి. మనిషి రాకపోతే షెడ్డులో చోటు పోతుంది. తల్లి బదులు వీరవేణి ఇరవై రోజులు వెళ్ళింది. ఆ ఇరవై రోజులూ కాలేజీలో ఆబ్సెంటు.

"ఈ మెషీన్లు ఎప్పట్నుంచి వాడుతున్నారని అడిగితే ఏం చెప్తారు?" అన్నారు సత్యదుర్గారావు. ఆయన ఆ శాఖకి హెడ్డు.

"రెండేళ్ళనుంచండీ."

"రోజుకెన్ని గంటలు?"

"మూడు గంటలండీ."

"అందరూ ఒక్కసారే అరవకండమ్మా, ఎక్కాలు చదివినట్టు. ఆలోచించినట్టు మొహం పెట్టి ఒక్కొక్కరూ చెప్పండి."

ఆ సెమిస్టరులో ఆయన రెండోసారి చెప్పించిన పాఠం అదొక్కటే.

తర్వాత రికార్డులు బల్లమీద పరిచేరు. సబ్జెక్టు పేరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రోగ్రామ్ జనం చేతికి వెళ్ళేలోగా అందులో తప్పు పట్టుకోవడం ఆ పని. ప్రతి పరీక్షకీ నాలుగు గడులు. మొదటిది ఇచ్చిన అంకె, రెండోది రావలసిన జవాబు, మూడోది వచ్చిన జవాబు, నాలుగోది పాసో ఫెయిలో.

తొమ్మిదో ప్రయోగం హాల్ టికెట్ ప్రోగ్రామ్. హాజరు డెబ్బై అయిదు శాతం ఉంటే హాల్ టికెట్ ఇవ్వాలి. ప్రోగ్రామ్‌లో ఎవరో 'డెబ్బై అయిదు కన్నా ఎక్కువ ఉంటే' అని రాసేరు. రికార్డులో మొదటి గడిలో 75, రెండో గడిలో 'ఉంది', మూడో గడిలో 'లేదు', నాలుగో గడిలో 'పాస్'. రెండో గడికీ మూడో గడికీ మధ్య ఒక గీత. ఏడు బ్యాచ్‌లు దాన్ని అలాగే ఎక్కించేయి. ప్రతి రికార్డులోనూ సత్యదుర్గారావు గారి ఎర్ర టిక్కు, సంతకం ఉన్నాయి.

వీరవేణికి అది ఎందుకు కనబడిందంటే, ఆమె హాజరు ఈరోజుతో కలిపి ఎనభై రోజులకి అరవై. సరిగ్గా డెబ్బై అయిదు.

తను మోసుకొచ్చిన కంప్యూటర్ బిగించేక ఆమె ఆ ప్రోగ్రామ్ కొట్టి, 75 ఇచ్చింది. తెరమీద 'హాల్ టికెట్ లేదు' అని వచ్చింది. మూడేళ్ళలో ఆమె పరీక్షించిన మొదటి ప్రోగ్రామ్ అది. రికార్డు తీసి నాలుగో గడిలో 'పాస్' కొట్టేసి 'ఫెయిల్' అని రాసింది.

"కమిటీ వాళ్ళొచ్చేది భోజనానికే. నీ నాలుగో గడి ఎవడు చూత్తాడు?" అంది పక్కనున్న విజయదుర్గ.

చూసింది సత్యదుర్గారావు.

"ఏంటమ్మా ఇది? ఫెయిలని రాసేసేవు?"

"ఫెయిలయిందండి సార్. రన్ చేసి చూసేను."

"ఎవరు చెయ్యమన్నారు?"

వెనక ఎవరో నవ్వేరు. ఆయన అటు చూసేరు. నవ్వు ఆగింది.

"నలభై ఏడు రికార్డుల్లో పాస్ అనుంది. ఒక్కదాంట్లో ఫెయిలని ఉంటే తప్పు ఎవరిదనుకుంటారు?"

"ప్రోగ్రామ్‌దనుకుంటారండి."

"ఏడు బ్యాచ్‌లు రాసేరు. నేను సంతకాలు పెట్టేను. మేమందరం గుడ్డోళ్ళం, నీకొక్కదానికే కళ్ళిచ్చేడు దేవుడు. ఆయ్?"

"ఒక్క గుర్తేనండి సార్. 'ఎక్కువ' పక్కన 'సమానం' పెడితే చాలు. ప్రోగ్రామ్ దిద్దేసి అప్పుడు పాస్ అని రాస్తాను."

"ప్రోగ్రామ్ దిద్దితే నలభై ఎనిమిది రికార్డులూ దిద్దాలి. కమిటీ వాళ్ళు అమలాపురంలో టిఫిన్ చేసి బయల్దేరేరంట. వాళ్ళ కార్లలోకి అరటి గెలలు ఎక్కించాలి, పూతరేకుల డబ్బాలు సర్దాలి. నీ సమానం కోసం కూచోమంటావా?"



ఆయన హాజరు రిజిస్టరు తెచ్చి ఆమె బల్లమీద తెరిచేరు. ఈరోజు గడి అందరికీ నిండింది. ఆమెకి ఇంకా నిండలేదు.

"నీదెంత?"

"ఈరోజుతో అరవై అండి."

"ఈరోజుతో." ఎర్ర పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టేరు. "పాస్ అని దిద్దు. ప్రెజెంట్ వేసేస్తాను. లేదంటావా, వచ్చే ఏడాది మళ్ళీ ఇదే రికార్డు రాస్తావు."

పొద్దున్న బస్సెక్కే ముందు జయమ్మ చెప్పింది. "మా షెడ్డుకీ వత్తారు కదే తనికీకి. ఆ రోజు గ్లౌజులిత్తారు, టోపీలిత్తారు. రోజూ ఇత్తారా అనడుగుతారు. ఆయ్, ఇత్తారండీ అంటాం. సాయంత్రం లెక్కెట్టి పట్టుకుపోతారు. మనకేం పోయింది? సెప్పమన్నది సెప్పెయ్." అలా చెప్తూ క్యారేజీ మూత పెట్టబోయింది. వేళ్ళు వంగలేదు. వీరవేణే పెట్టుకుంది.

కింద కార్ల తలుపులు వేసిన చప్పుడు వినబడింది. చైర్మన్ గారి గొంతు, "రండి రండి, ముందు బొండాలు తాగుదురుగాని."

"తొందరగా," అన్నారు సత్యదుర్గారావు.

వీరవేణి పెన్ను తీసుకుంది. రికార్డు వైపు చూసింది. పెన్నుకి మూత పెట్టి రిజిస్టరు మీద పెట్టింది.

"మీరే దిద్దండి సార్. కింద సంతకం మీదే కదా."

నలభై ఏడు మందీ విన్నారు. విజయదుర్గ తన రికార్డు దగ్గరికి లాక్కుని తొమ్మిదో ప్రయోగం పేజీ కోసం వెతికింది.

మెట్లమీద అడుగులు దగ్గరయ్యేయి. సత్యదుర్గారావు రిజిస్టరు చంకలో పెట్టుకున్నారు. ఆమె పేరు ఎదురుగా గడి ఖాళీగానే ఉంది. ఆమె తెర ఆర్పడానికి ఆయన వంగి ఒక మీట నొక్కేరు. పక్క కంప్యూటర్ ఆరిపోయింది. ఇంకో మీట నొక్కేరు. ఫ్యాను ఆగింది.

తలుపు దగ్గర ముగ్గురు మనుషులు నిలబడ్డారు. వీరవేణి కంప్యూటర్ మీద 75 పక్కన 'లేదు' అనే ఉంది. ఆమె దానికి అడ్డం నిలబడలేదు. పక్కకి జరిగింది.