మైతా జడలు

వాన మొదలయ్యేలోపు ఫొటో అయిపోవాలి. పొద్దుటి నుంచీ నా తలలో ఈ ఒక్క మాటే తిరుగుతోంది. బడిలో కరెంటు పోయి చాలాసేపయింది. గుర్తింపు కార్డుల వాళ్లు తాము తెచ్చుకున్న జనరేటర్ మీద కంప్యూటర్ నడుపుకుంటూ వరండాలో కూర్చున్నారు. వాన పడితే అన్నీ కట్టేసి, వ్యాన్ ఎక్కి, చీకటి పడకముందే కనుమ దాటి పోతామని వచ్చిన వెంటనే చెప్పేశారు. మళ్లీ ఈ కొండ మీదికి ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు.

నా మనవడు మైతాకు మూడేళ్లు. పై పెదవి, అంగిలి చీలి పుట్టాడు. పెదవి పసితనంలోనే ఒక ఉచిత శిబిరంలో కుట్టారు, అంగిలి మిగిలింది. మాట ముక్కులోంచి వస్తుంది. పాలన్నా తాతన్నా ఒకేలా వినిపిస్తుంది. "అమ్మ" ఒక్కటే తేటగా వస్తుంది, ఆ మాటకు ముక్కు చాలు కనుక. వచ్చే వారం కుస్కో పట్నం ఆసుపత్రిలో వాడి ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. వాడి పేరున కార్డు ఉంటేనే ప్రభుత్వ బీమాలో చేర్చుకుంటారు. లేకపోతే ఆ రోజు ఇంకో బిడ్డకు పోతుంది. వాడి తండ్రి ఫెర్మిన్ ఈ పని కోసమే గనిలో సెలవు అడిగి, రాత్రంతా లారీలో కూర్చుని వచ్చాడు. సంతకం, వేలిముద్రలు అతనే పెట్టాలి. తల్లి లేదు.

నా కూతురు నెలిదా ఈ వానాకాలం మొదట్లో, కొండచరియ విరిగి లోయ రోడ్డు జారిన రోజున పోయింది. ఆ రోజు ఆమె బయల్దేరిందీ ఈ కార్డు సంగతి కనుక్కోవడానికే.

మా వైపు పిల్లలకు మాట స్పష్టంగా వచ్చేదాకా పుట్టువెంట్రుకలు తీయరు. ముందే కత్తెర పడితే మాట ఆగిపోతుందంటారు. నేను పిల్లలకు సైన్సు చెప్పేదాన్నే, అయినా నెలిదా చిన్నప్పుడు నేనూ ఆగాను. మైతా తన పేరు తాను తేటగా చెప్పిన రోజున బాప్తిస్మంలో వాణ్ణి ఎత్తుకున్న జ్ఞానతండ్రి చేత మొదటి పాయ తీయిస్తానని నెలిదా అనేది. అందాకా వాడి జుట్టును సన్నసన్న జడలుగా అల్లి, చివర్లకు ఎర్ర ఉన్నిదారం చుట్టేది. ఆ రోజు బయల్దేరే ముందు అల్లిన జడలు ఇంకా వాడి తల మీదే ఉన్నాయి. స్నానం చేయించేటప్పుడు తలకు గుడ్డ చుడుతున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా ముందు సబీనా తన మనవరాలిని వీపున కట్టుకుని నిలబడింది. బడి గేటు దగ్గర ఉడికించిన మొక్కజొన్న, జున్ను అమ్ముతుంది. ఊళ్లో ఆమె నోటికి అడ్డు లేదు.

"టీచరమ్మా, ఈ పక్కనున్నది మీ అల్లుడేనా? మంచులో ఎండబెట్టిన బంగాళదుంపలా అయిపోయాడే!"

"గనిలో ఎండబెట్టార్లే అత్తా," అన్నాడు ఫెర్మిన్.

"ఎండబెట్టినోళ్లు తిండి కూడా పెట్టాల్సింది. ఇదిగో, ఈ పొత్తు తిను. పిల్లాడికీ పెట్టు."

మైతా గింజలు ఒక్కొక్కటే వలిచి నా అరచేతిలో పెట్టసాగాడు. నేను కొండ మీది మబ్బునే చూస్తున్నాను. అది కిందికి దిగుతోంది.

సబీనా తన పని ముగించుకుని అక్కడే పక్కన నిలబడింది. మా వంతు వచ్చింది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి సముద్రం వైపు నుంచి వచ్చింది. చలికి రెండు శాలువాలు కప్పుకుని వణుకుతోంది. మైతాను చూసి నవ్వింది.

"పాప పేరేంటండీ?"

"బాబు," అన్నాడు ఫెర్మిన్.

ఆమె కాగితం చూసింది, పిల్లవాణ్ణి చూసింది, మళ్లీ కాగితం చూసింది. "మగపిల్లాడనే ఉందండీ. కానీ ఈ జడలు కళ్ల మీద పడుతున్నాయి, చెవులు కనిపించట్లేదు. ఇలా పంపితే వెనక్కొచ్చేస్తుంది. పోయిన ఊళ్లో ఒకటి అట్లాగే తిరిగొచ్చింది."

"లాగు విప్పి చూపించవయ్యా ఫెర్మిన్!" అంది సబీనా. "ఇంకో ఫొటో ఎందుకు, అదొక్కటి చాలు!"

లైనంతా నవ్వింది. ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. ఫెర్మిన్ నవ్వలేదు.

"కత్తెర ఎవరి దగ్గరన్నా ఉందా?" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. వెనకనుంచి ఒక ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు. "ఒరేయ్, మాట రాని బిడ్డకి కత్తెరేంట్రా? మూగోడవుతాడు!"

"కార్డు లేకపోయినా మూగోడే తాతా! జుట్టుంటే కార్డు లేదంటున్నారు, కార్డు లేకపోతే ఆపరేషన్ లేదు, ఆపరేషన్ లేకపోతే వీడికి మాటే లేదు. మాట లేకపోతే జుట్టు తీయొద్దని నువ్వంటావు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి!" ఇంత పొడుగు మాట అతను మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నా వైపు తిరిగాడు. "అత్తయ్యా, బడిలో కత్తెర ఉంటుందిగా?"

నా తరగతి బీరువాలో ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"అయ్యో, కత్తిరించమని నేనెప్పుడన్నాను!" అంది కంప్యూటర్ అమ్మాయి, దాదాపు ఏడుపు గొంతుతో. "జడలు విప్పి, వెనక్కి దువ్వి కట్టేయండి. మొహం కనిపిస్తే చాలు నాకు."

లైను మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది.

"ఇంతేనా! దీనికింత గోలా!" సబీనా కొంగుముడిలోంచి దువ్వెన తీసింది. "ఇటు తే పిల్లాణ్ణి. చిటికెలో విప్పేస్తా."

ఆమె చెయ్యి వాడి తల మీదికి వచ్చింది. నేను వాణ్ణి నా వైపు లాక్కున్నాను. ఎంత గట్టిగా లాగానో, వాడి చేతిలో పొత్తు కింద పడిపోయింది.

"ముట్టుకోకు," అన్నాను.

బడిలో ఎంత అల్లరి పిల్లలతోనైనా నేను ఆ గొంతుతో మాట్లాడి ఎరగను. సబీనా చెయ్యి గాలిలోనే ఆగింది. వంగి పొత్తు ఎత్తి, దుమ్ము దులిపి వాడికిచ్చింది.

ఫెర్మిన్ వంగి కొడుకు తల చూశాడు. ఒక జడ చివర ఎర్రదారాన్ని వేలితో పైకెత్తాడు.

"ఇవి నెలిదా వేసినవేనా అత్తయ్యా?"

"ఆ రోజువే."

దారాన్ని మెల్లగా వదిలాడు. "నేను కత్తెర అడిగాను," అన్నాడు.

"నీకు తెలియదు కదా, నాయనా."

కొండ అవతల ఉరిమింది. జనరేటర్ దగ్గరున్న మనిషి లేచి యంత్రాల మీద కప్పడానికి టార్పాలిన్ విప్పడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ అమ్మాయి అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ముందు నాన్నగారి వేలిముద్రలు తీసుకుంటాను, టీచర్ గారూ. ఈలోగా మీరు..." అని ఆగింది.

నేను వరండా మెట్టు మీద కూర్చుని మైతాను ఒళ్లో పెట్టుకున్నాను. సబీనా దువ్వెన నా పక్కన పెట్టి దూరంగా జరిగింది.

మొదటి దారం ఊడిరాలేదు. తిప్పేకొద్దీ బిగుసుకుంది. గోటితో పట్టుకుని మళ్లీ తిప్పాను, ఇంకా బిగిసింది. వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపిస్తోంది: "మళ్లీ పెట్టండి... ఊహూ, ఇంకో వేలు... కాస్త నొక్కి పెట్టండి." ఫెర్మిన్ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. యంత్రం అతన్ని గుర్తుపట్టడం లేదు.

"రాళ్లు తినేశాయా ఏంటి నీ వేళ్లని?" అంటోంది సబీనా. "ఉండు, గొర్రె కొవ్వు రాస్తా. నా మొగుడికీ ఇట్లాగే అయితే ఇదే రాశా. రాశాక ముద్ర పడింది, మనిషే పడిపోయాడు, జారి!"

ఒకరిద్దరు నవ్వారు. నాకప్పుడు గుర్తొచ్చింది. నెలిదాది ఎడమచేతి వాటం. దారం అటు నుంచి చుట్టింది. నేను ఇటు తిప్పితే ఎలా వస్తుంది? రెండో వైపు తిప్పాను. అది వెంటనే వదులై, నా వేళ్లలోకి వచ్చేసింది.

ఆ తర్వాత ఆగలేదు. ఆగితే ఇక చేయలేనని తెలుసు. దారం తీయడం, జేబులో వేసుకోవడం, పాయలు విడదీయడం, దువ్వడం. లోపలి పాయల్లో ఇంకా పొయ్యి పొగ వాసన ఉంది. మా ఇంటి పొగ కాదు, వాళ్లింటి పొగ. మైతా కదలకుండా కూర్చున్నాడు. చివరి జడ విప్పాక చెయ్యి పైకెత్తి, జారిన జుట్టును తడిమి చూసుకున్నాడు.

"అమ్మ," అన్నాడు. అడిగినట్టు కాదు. చెప్పినట్టు.

"అవును," అన్నాను.

"వచ్చింది! పడింది ముద్ర!" అని అరిచింది ఆ అమ్మాయి. మొదటి చినుకు నా చేతి మీద పడింది.

వాణ్ణి తెల్ల గుడ్డ ముందు బల్ల మీద కూర్చోబెట్టాం. జుట్టు వెనక్కి లాగి దారంతో కట్టాను. నుదురు, చెవులు, చీలిక కుట్టిన పెదవి, అన్నీ కనిపిస్తున్నాయి. జుట్టు మాత్రం సాఫుగా లేదు. జడలున్న చోటల్లా అలలు అలలుగా నిలిచింది. ఆ అమ్మాయి తెర మీద చూసి అంది:

"ఉంగరాల జుట్టులా పడుతోందండీ. కొంచెం తడి చేసి అణచమంటారా? అరనిమిషం పని."

ఫెర్మిన్ నా వైపు చూశాడు. జనరేటర్ మనిషి "తొందరగా, తొందరగా" అంటున్నాడు.

"వద్దు," అన్నాను. "అలాగే తీయండి."

తీసింది. కార్డు వచ్చేదాకా ఆసుపత్రిలో చూపించమని ఒక రసీదు ఇచ్చింది. దాని మీద బొమ్మ చిన్నది, బూడిద రంగులో ఉంది. ఫెర్మిన్ దాన్ని చొక్కా లోపల పెట్టుకుని పైనుంచి రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. జనరేటర్ ఆగిపోయింది. వెనకున్న వాళ్లు గోల చేస్తుంటే, మిగిలినవాళ్ల పేర్లు రాసుకుని వెళ్తామని ఆ అమ్మాయి బతిమాలుతోంది. వాన పెద్దదైంది.

సబీనా చూరు కింద నిలబడి గింజలు తింటోంది. నేను దువ్వెన తుడిచి ఆమె ముందు పెట్టాను.

"ఉంచుకో టీచరమ్మా," అంది, నా మొహం వైపు చూడకుండా. "వాడికి మాట వచ్చేదాకా రోజూ అల్లాలి కదా."

"అల్లాలి," అన్నాను.