ఇత్తడి హోల్డరు

మూడు రోజులుగా ముసురు. ఉప్పుగాలికి ముసురు తోడైతే బోగోలులో పెరటి మిరపనారు బతకదు. అందుకే గింజలు మట్టిచట్టీల్లో చల్లి, నడిమింట్లో ఉన్న ఒకే ఒక్క కరెంటు బల్బు కింద పెట్టుకున్నాను. ఊళ్లోకి కరెంటు వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. మొలకలు వచ్చాయి గాని వెలుతురు చాలక దారాల్లా సాగుతున్నాయి. చట్టీలు బల్బు దగ్గరికి జరిపితే ఆకులు మాడుతున్నాయి.

"మొక్కలకి కరెంటు దీపమా? చర్చిలో వింటే నవ్వతారు," అన్నారు మా ఆయన విజయభాస్కర్, పచ్చడి రెండోసారి వడ్డించుకుంటూ. ఆ పచ్చట్లోని మిరపకాయలు పోయినేడు నా చట్టీల్లో మొలిచినవే. ఆయన బడిలో పిల్లలకు సైన్సు చెప్తారు.

మా బల్బుకు గోడ మీద స్విచ్చి లేదు. ఇత్తడి హోల్డరుకే చిన్న పిడి ఉంటుంది, దాన్ని తిప్పాలి. నిన్న పొద్దున నారుకు నీళ్లు చల్లి పిడి మీద చెయ్యి వేశాను. భుజం దాకా ఎవరో దుడ్డుకర్రతో కొట్టినట్టయింది. కళ్లు తెరిచేసరికి నేలమీద ఉన్నాను. పక్కన ఒక చట్టి పగిలి ఉంది.

"తడిచేతుల్తో ముట్టుకుంటే కొట్టదా? ఆ మాత్రం తెలీదా నీకు?" అన్నారాయన. నిజమే కదా అని సిగ్గుపడ్డాను. వాచిన మోచేత్తోనే ఆయనకు క్యారియరు కట్టి పంపాను.

ఈ రోజు వైర్‌మన్ మస్తానయ్యను పిలిపించాను, నారుకు ప్రమాదం లేని దీపం ఏదో అడుగుదామని.

"ట్యూబులైటు పెట్టుకో అక్కా. అంత వేడుండదు, జానెడు ఎత్తులో కట్టినా ఆకు మాడదు. నీళ్లు చల్లే చోట ఇత్తడి మాత్రం వద్దు. స్విచ్చి దూరంగా, పొడి గోడకి పెట్టిస్తా," అన్నాడు. తర్వాత బల్బు వైపు చూసి ఆగిపోయాడు. "ఇదింకా మార్చలేదా? పోయిన ఎండాకాలంలోనే సార్‌కి చెప్పినానే! నా ఎదరే ఆయన్ని కొట్టింది, అదీ పొడిచేతుల్ని. మార్పించేదాకా ముట్టుకోవద్దంటే సరేలే అన్నాడు."

అప్పటినుంచి ప్రతి సాయంత్రం కుర్చీలోంచి కదలకుండా ఆయన పిలిచే పిలుపు గుర్తొచ్చింది. "ఆనందా, లైటు వెయ్యి." బల్బు ఆయనకు రెండడుగుల దూరం. నేను వంటింట్లోంచి, పిండిచేతులు కడుక్కుని, చెంగుకు తుడుచుకుంటూ వచ్చేదాన్ని. వేళ్లు జిమ్మన్నప్పుడల్లా నీరసం అనుకున్నాను. ఆయనది బద్ధకం అనుకున్నాను. ఒక్కోసారి నన్ను చూడాలనే పిలుస్తున్నారని లోలోపల మురిసిపోయాను కూడా. ఎంత వెర్రిదాన్ని! ఆరు నెలలు. ఆయన ముట్టుకోని దాన్ని రోజూ నాచేత ముట్టించారు.

"ఫ్యూజు తీసెయ్ మస్తానయ్యా. రేపు ట్యూబులైటు తీసుకొచ్చి కట్టు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సాయంత్రం ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ముసురుకు ఇల్లు అప్పుడే మసకబారింది.

"ఆనందా, లైటు వెయ్యి."

"మీరే వెయ్యండి."

పెళ్లయిన పదకొండేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. మస్తానయ్య పొరబడ్డాడని తేలాలని అప్పటిదాకా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. ఆయన నవ్వుతూ లేచారు. చెయ్యి ఎత్తారు. వేళ్లు ఇత్తడికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. నా వైపు చూసి, చెయ్యి దించి, "ఇంకా వెలుతురుంది కదా, తర్వాత చూద్దాంలే," అన్నారు.

నా ప్రార్థన అక్కడితో ఆగింది. చట్టీలు ఒక్కొక్కటే ఎత్తి పక్కగదిలోకి చేర్చాను. నా ట్యూబులైటు అక్కడ వెలుగుతుంది. ఇక్కడి దీపం కావలసినవాళ్లు వాళ్లే వేసుకుంటారు.

ఫ్యూజు మధ్యాహ్నమే తీయించానని, ఆ ఇత్తడిలో కరెంటు లేదని ఆయనకు తెలియదు.